మదపు నెలలో కొమ్ముల మోత

వేటగాళ్ళ గురువు ముత్యాలప్పకు ఒక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడి ముఖం ఒకసారి చూసి, చేతిలో ఉన్న బాణపు కర్రను మళ్ళీ సెగ మీద పెట్టి వంక తీయడం మొదలుపెట్టేవాడు. ఆయన విల్లు ఎత్తాడంటే నల్లమలలో గాలి కూడా పక్కకు తప్పుకొని దారి ఇచ్చేది. ఒకసారి తుమ్ముతూ వదిలిన బాణం గద్ద గోళ్ళలోంచి కోడిపిల్లను విడిపించి, పిల్లకు ఒక్క ఈక ఊడకుండా తల్లి పక్కన దించింది. ఇందులో తగ్గించి చెప్పిందే గానీ పెంచి చెప్పింది లేదు.

ఆ ఏడు ముత్యాలప్ప, ఇక గుంపుకు ముందు నడవనని తేల్చి చెప్పాడు. వేటకు ముందు నడిచేవాణ్ణి వాళ్ళు ‘ముందు విల్లు’ అంటారు. వాడు ఆగితే గుంపంతా ఆగాలి, వాడు చెయ్యి చూపిన వైపే బాణాలు పోవాలి. కార్తీక పున్నమిలోపు ఎద్దుగుండు కనుమలోని పెద్ద కణుజు కొమ్ములు ఎవడు తెస్తే వాడే ముందు విల్లు. కణుజంటే దుప్పి జాతిదే, కానీ దుప్పి దాని కడుపు కింద నుంచి తల వంచకుండా నడిచిపోవచ్చు. దాని కొమ్ముల మీద రెండు పిట్టలు వాలితే ఒకదాని కూత ఒకదానికి వినపడేది కాదు.

ఆ కొమ్ములకు పోటీపడింది ఇద్దరే. ఒకడు కదిరన్న, ఇంకొకడు మద్దిలేటి. మద్దిలేటి అక్కనే కదిరన్న చేసుకున్నాడు. నిన్నటిదాకా ఒకే ముంతలో గంజి తాగిన బావా బావమరుదులు, ఈ మాట పుట్టినప్పటినుంచి ఒకే అరుగు మీద కూర్చోవడం మానేశారు.

ఒక సాయంత్రం కదిరన్న గురువు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“సామీ, ఒకటి అడగాల. ఆశ్వయుజంలో కణుజు కొవ్వెక్కి ఉంటాది గానీ కంటబడదు. మార్గశిరంలో కంటబడతాది గానీ కొట్లాడి కొట్లాడి ఎముకల గూడై ఉంటాది. నడుమన ఈ మదపు నెలలో దానికి కండ్లు కానవు, చెవులు వినవు. పగదాని కొమ్ముల మోత వింటే చాలు, చావుకైనా ఎదురొస్తాది. మరి దాన్ని కొట్టే సమయం ఏది?”

ముత్యాలప్ప అతని ముఖం చూశాడు. బాణపు కర్రను సెగ మీద తిప్పాడు.

“తెల్లారి కనుమకు పోయి దాన్నే అడుగు,” అన్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో మద్దిలేటి వింటినారికి మైనం రుద్దుతూ కనిపించాడు. “ఏం బావా, కొమ్ముల కోసమేనా? నీకెందుకంత శ్రమ. రేపు నేను కొట్టుకొస్తా. మా అక్కకు రెండు ముక్కలు పంపిస్తాలే, నీకూ చారైనా దక్కుతాది.”

“నీ బాణానికి కణుజు దొరికేసరికి నా మనవడికి మీసాలొస్తాయి పోరా,” అన్నాడు కదిరన్న. నవ్వులాటకే అన్నట్టు అన్నాడు గానీ, ఆ రాత్రి పెళ్ళాం పెట్టిన సంగటి పక్కకు నెట్టి బాణపు మొనలు నూరుకున్నాడు.

తెల్లవారేసరికి కనుమ నిండా మంచు. చెయ్యి చాపితే మోచేతి దగ్గరే తెగిపోయినట్టు కనపడేది. కణుజు పొర్లిన గుంటలోని బురదను కదిరన్న తల నుంచి పాదం దాకా పూసుకున్నాడు. ఆ వాసనకు చెట్టు మీద తొండ కళ్ళు తిరిగి కింద పడింది. పోయిన ఏడు కణుజు రాల్చిన కొమ్ములు రెండు చేతబట్టి, ఒకదానికొకటి వేసి కొట్టాడు. మదమెక్కిన రెండు కణుజులు తలపడితే వచ్చే మోత అది. అచ్చంగా అదే.

లోయ అవతలి గట్టు నుంచి వెంటనే అదే మోత వచ్చింది.

కదిరన్న కొమ్ములు బిగించి పట్టాడు. వచ్చింది! ఆ మోత ఇంకా ఆగనే లేదు, మళ్ళీ కొట్టాడు. అటునుంచి ఇంకా గట్టిగా. పొదను కొమ్ములతో చీల్చాడు. అటు పొద ఇంకా కసిగా చిరిగింది. గొంతు బిగబట్టి రంకె వేశాడు. ఆ రంకె మీదే ఇంకో రంకె పడింది. కొండ దద్దరిల్లింది, రాళ్ళు దొర్లాయి. ఒక అడుగు ఇతను వేస్తే ఒక అడుగు అది వేస్తోంది. ఎండుటాకులు నలిగే చప్పుడు దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. అతని చెవుల్లో ఇప్పుడు కొమ్ముల మోత, తన గుండె మోత, ఆ రెండే మిగిలాయి.

మంచులో తంగేడు పొద పైన కొమ్ములు లేచాయి. వాటి కింద బురద పట్టిన నల్లటి ఒళ్ళు.

కదిరన్న చేతిలోని కొమ్ములను కొమ్మ సందున నిలిపి, విల్లు అందుకొని నారి చెవిదాకా లాగాడు. ఆ విల్లు వంచాలంటే మామూలు మనుషులు నలుగురు కావాలి. బాణపు మొన ఆ నల్లటి రొమ్ము మీద నిలిచింది. ఊపిరి ఆపాడు. వేలు సడలించబోయాడు.

ఠంగుమని నారి తెగింది.

పక్కనుంచి వచ్చిన ఒక్క బాణం కదిరన్న వింటినారిని కోసి, అదే ఊపులో పొద వెనక ఇంకొక నారిని కోసి, అంతటితో ఆగక అక్కడి మద్ది చెట్టుకు దిగబడి, ఈకలదాకా లోపలికి పోయి వణికింది. రెండు నారులు తెగిన చప్పుడు ఒకదాని వెంట ఒకటి వినపడింది. రెండోది విన్నాక కదిరన్న విల్లు దించాడు. కణుజు దగ్గర వింటినారి ఎందుకుంటుంది?

పొద వెనక నుంచి కణుజు నోరు తెరిచి, “బావా?” అంది.

బురద ముద్దలా మద్దిలేటి బయటికి వచ్చాడు. నారి తెగిన విల్లు చేతిలో వేలాడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని నిలబడ్డచోటే కూలబడ్డారు.

“నువ్వేనా రా రంకె వేసింది?” అన్నాడు కదిరన్న.

“నువ్వు వేస్తేనే కదా నేను వేసింది. సామిని నేనూ అడిగినా బావా. తెల్లారి కనుమకు పోయి దాన్నే అడగమన్నాడు.” మద్దిలేటి తెగిన నారిని వేలికి చుట్టుకున్నాడు. “నేనూ కొమ్ములు పొద మీద నిలిపి, బాణం సరిగ్గా నీ రొమ్ము మీద పెట్టినా. మా అక్కకు ఏం చెప్పుకొందును?”

పైన గట్టు మీద మంచు కొంచెం విడింది. అసలు కణుజు అక్కడ తన ఆడవాటి నడుమ నిలబడి, రాలిన ఉసిరికాయలు ఏరుకొని తింటోంది. కిందికి ఒకసారి చూసి, తోక ఆడించి, నింపాదిగా కొండ అవతలికి దిగిపోయింది. కొట్టడానికి ఇద్దరి వింటికీ నారి లేదు. ఉన్నా విల్లు ఎత్తే చెయ్యి లేదు.

బాణం వచ్చిన వైపు నుంచి ముత్యాలప్ప విల్లు భుజాన వేసుకొని బండ దిగి వచ్చి ఇద్దరి నడుమ కూర్చున్నాడు. మొలకు కట్టుకున్న తుండుగుడ్డ విప్పి, ముందు ఒకడి ముఖాన బురద తుడిచాడు, తరవాత ఇంకొకడిది. ముందు విల్లు మాట ఎవరూ ఎత్తలేదు. కదిరన్న ఇంకొకటి అడిగాడు.

“సామీ, ఎదురుగా ఉండేది కణుజేనని మేమిద్దరం నమ్మినాం. మోత అదే, రంకె అదే, వాసనా అదే. మంచులో నీకెట్లా తెలిసింది, ఈ రెండూ కణుజులు కావని?”

ముత్యాలప్ప తుండుగుడ్డ పిండుకొని లేచాడు. ఆ రోజు అడిగిన ప్రశ్నకు ఆ రోజే జవాబు చెప్పాడు.

“కణుజైతే ఒకసారి కొట్టి, ఆగి వింటాది నాయనా.”