దేవతలకు ఇంగ్లీషు రాదన్నాను

నేను పట్టుబట్టి చెప్పించిన ఒక ఇంగ్లీషు వాక్యం తొమ్మిది రోజులకు నిజమైంది. తప్పెక్కడ జరిగిందో ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. కాకినాడ దగ్గర, రొయ్యల్ని శుభ్రం చేసి గడ్డకట్టించి విదేశాలకు పంపే ఒక కంపెనీలో ఆడ సూపర్‌వైజర్లకు ఇంగ్లీషు నేర్పేదాన్ని. వారానికి మూడు రోజులు, పగటి షిఫ్టు దిగాక ఒక గంట. అందరూ సముద్రపు ఒడ్డు పేటల వాళ్ళే. పదో తరగతి దాకా చదివినవాళ్ళు. ఎంత సబ్బు రాసినా చేతుల వాసన పోదని నాకు దూరంగా కూర్చునేవారు. సరుకు కొనే దేశాల నుంచి ఏడాదికి రెండుసార్లు మనుషులు తనిఖీకి వచ్చి, వీళ్ళనే నేరుగా ప్రశ్నలడిగేవారు. ఆ ప్రశ్నలన్నీ ఒకే తీరు. నిన్న కరెంటు పోయి ఉంటే ఏం చేసి ఉండేవారు? ఆ ట్రేలో గాజు పెంకు దొరికి ఉంటే ఎవరికి చెప్పి ఉండేవారు? మావాళ్ళ జవాబూ ఒకే తీరు. "కరెంటు పోలేదు సార్." "గాజు పెంకు లేదు సార్." వీళ్ళేదో దాస్తున్నారని ఆ వచ్చినవాళ్ళు రాసుకుని వెళ్ళారు. మేనేజరు నన్ను పిలిపించి, జరగనిదాని గురించి మాట్లాడటం వీళ్ళకి ఎలాగైనా నేర్పమన్నాడు.

వాళ్ళకి రాక కాదు, ఇష్టం లేక. చెడ్డమాట నోటితో అనకూడదు. అందులోనూ మా క్లాసు సరిగ్గా దీపాలు పెట్టే వేళకి. ఆ వేళప్పుడు తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, ఎవరి నోటెంట ఏది వచ్చినా "అలాగే జరుగుగాక" అని దీవించి పోతారనీ వాళ్ళ భయం. మా ఇంట్లో మా నాయనమ్మదీ అదే భయం. నేను ఎమ్మే చదివినదాన్ని. నాకు విసుగు.

ఆ పాఠం మొదలుపెట్టిన రోజుకు ముందు వారమే పేటలోని ఒక బోటుకు ఇంజను చెడిపోయి, రెండు రోజులు సముద్రం మీద నిలిచిపోయి, క్షేమంగా తిరిగొచ్చింది. నా క్లాసులోని నూకరత్నం అనే పిల్ల భర్త దానయ్య ఆ బోటులోనే ఉన్నాడు. నూకరత్నానికి పాతికేళ్ళుంటాయి. చురుకైనది, నోరు ఒక్క నిమిషం ఊరుకునేది కాదు. ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదనుకుని ఆమెనే లేపాను.

"ఆ బోటు మునిగి ఉంటే ఏమయ్యేది? ఇంగ్లీషులో చెప్పు."

"మునగలేదు కదండి మేడమ్."

"మునగలేదు. మునిగి ఉంటే?"

"అలాగనకూడదండి. సందేళ. తథాస్తు దేవతలుంటారండి."

"వాళ్ళకి ఇంగ్లీషు రాదులే, చెప్పు" అన్నాను.

క్లాసంతా నవ్వింది. నూకరత్నమూ నవ్వింది. నవ్వుతూనే, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ఆ బోటు మునిగి ఉంటే నా భర్త తిరిగి వచ్చి ఉండేవాడు కాదు. నేను వెరీ గుడ్ అని, అందరి చేతా చప్పట్లు కొట్టించాను.

తొమ్మిదో రోజు పొద్దున్నే వేటకు వెళ్ళిన దానయ్య బోటు, తిరిగొస్తూ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటకు తగిలి తిరగబడింది. నలుగురు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. దానయ్యను మర్నాడు మధ్యాహ్నం తెచ్చారు.

మూడో రోజు పలకరించడానికి వెళ్ళాను. నూకరత్నం లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, కళ్ళలో తడి లేకుండా, పాఠం అప్పజెప్పినట్టు ఒక్క మాట అంది.

"ఆళ్ళకి ఇంగిలీసొచ్చండి మేడమ్."

ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. మొగుణ్ణి పొట్టన పెట్టుకున్న నోరు ఇంక తెరవకూడదని అనుకుందని మిగతా ఆడవాళ్ళు నాకు చెప్పారు. నోట్లో ముద్ద పెడితే తినేది, లేకపోతే లేదు. అత్త ఎర్రయ్యమ్మ అరుగు మీద వీధి వైపు మొహం పెట్టుకుని కూర్చునేది. కోడలి వంక చూసేది కాదు. కొడుకును మాటతో చంపిందని అత్త దాన్ని వెలేసిందని పేటంతా అనుకున్నారు. ఇలాగే ఇంకో పది రోజులు పోతే పిల్ల మనకు దక్కదన్నారు.

నాకు పాఠాలు చెప్పడం నేర్పినావిడ మార్తమ్మ గారు. బీఎడ్ కాలేజీలో పనిచేసి రిటైరై, జగన్నాథపురంలో ఒక్కతే ఉండేది. పాఠం ఎలా చెప్పాలన్నది అడిగితే చాలు చెప్పేది. బతుకు గురించి అడిగితే మాత్రం నోటితో జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. నేను వెళ్ళేసరికి చింతపండులో గింజలు తీస్తోంది. జరిగిందంతా చెప్పి అడిగాను.

"జరగనిదాన్ని నోటితో అనడం తప్పా టీచరుగారూ? తప్పయితే ఈ పాఠం ఇవాళే మానేస్తాను. తప్పు కాకపోతే, ఆ పిల్లకు ఏం చెప్పి నమ్మించను?"

"ఇప్పటిదాకా ఏం చెప్పావు?"

"మూఢనమ్మకమని చెప్పాను. ఇసుక మేట గురించి, ఆరోజు గాలి గురించి చెప్పాను. మాటకి బోటు తిరగబడదని చెప్పాను."

"విందా?"

"లేదు."

"నిజాలే చెప్పావు. అయినా వినలేదు" అని గింజలు చాటలోకి తోసి లేచింది. "చెప్పులేసుకో హైమా."

పేటకు చేరేసరికి పొద్దు వాలింది. ఈ వేళప్పుడు వద్దు, రేపు పొద్దున్న వద్దామన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. ఇంట్లో దీపం లేదు. అరుగు మీద ఎర్రయ్యమ్మ, లోపల గోడ పక్కన నూకరత్నం. మధ్యలో తలుపు తీసే ఉంది గాని, ఆ ఇద్దరికీ మధ్య ఊళ్ళున్నట్టుంది. మార్తమ్మ గారు ఎవరినీ పలకరించలేదు. గడప పక్కన, ఇద్దరికీ వినబడేచోట, కింద కూర్చుంది. ఊపిరి కుదుటపడ్డాక, ఎవరి వైపూ చూడకుండా మొదలుపెట్టింది.

"మా అమ్మకి క్షయ. నాకప్పుడు పధ్నాలుగేళ్ళు. ఎనిమిది నెలలు బడి మాన్పించి నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టారు. ఒక సాయంత్రం ఆవిడ ఉమ్మిన గిన్నె కడుగుతూ పైకే అన్నాను. ఈవిడ ఇవాళ పోతే సోమవారం బడికెళ్ళొచ్చు, అని. ఆ రాత్రే పోయింది. సోమవారం కుదర్లేదు. గురువారం వెళ్ళాను. ఆ ఏడు క్లాసులో మొదటి మార్కు నాదే."

అంతే. ఓదార్పు మాట ఒక్కటీ కలపలేదు. ఆవిడ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి, దేవుడి పేరు కూడా ఎత్తలేదు. పదేళ్ళ పరిచయంలో ఆవిడకు ఒక అమ్మ ఉండేదని నాకు తెలిసింది అప్పుడే. ఏదన్నా అనాలని నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. చీకటి పడుతోంది.

"నేనూ అన్నానండి" అంది ఎర్రయ్యమ్మ, వీధి వైపే చూస్తూ. "ఆయేళ సద్దికూడు తింటా, కూరలో ఉప్పెక్కువైందని కంచం తోసేసేడండి. సంద్రంలో పడి సావరా, పీడా పోద్ది అన్నాను. ఆడికి మీసాలు రాకముందు నుంచీ రోజుకి నాలుగుమాట్లు ఆ మాటే అంటన్నానండి. నవ్వేసి పోయీవోడు. ఆయేళ నవ్వలేదండి."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇది నా మొకం సూడ్డం లేదు" అంది ఎర్రయ్యమ్మ మళ్ళీ. "ఇనేసిందనుకున్నాను. ఇంకే మొకం పెట్టుకుని దీన్ని పిలవను?"

లోపల్నుంచి ఒక గొంతు వచ్చింది. వారం రోజులు వాడని గొంతు, తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టుంది.

"ఆ కూర వండింది నేనత్తా."

ఎర్రయ్యమ్మ మొదటిసారి తల తిప్పింది.

"ఉప్పేసేను. ఏసేనో లేదోనని ఇంకోమాటేసేను" అంది నూకరత్నం.

"రెండుమాట్లేసేవా?"

"ఆ."

"నువ్వు నీళ్ళకెల్లినప్పుడు నేనూ ఏసేనే" అంది ఎర్రయ్యమ్మ.

ఆ తర్వాత ఆమె గొంతులోంచి వచ్చింది నవ్వో ఏడుపో ఇప్పటికీ నేను చెప్పలేను. లేవబోయి లేవలేక, కూర్చున్నచోటు నుంచే జరుగుతూ, మార్తమ్మ గారి మోకాళ్ళ మీదుగా పాకుతూ గడప దాటి లోపలికెళ్ళింది. కోడలి తల లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు మొదలైంది ఏడుపు. ఆ ఇంట్లోంచి ఏడుపు వినబడటం అదే మొదలనుకుంటాను, చుట్టుపక్కల ఆడవాళ్ళంతా పని ఆపి బయటికొచ్చి నిలబడ్డారు. ఒక్కరూ లోపలికి రాలేదు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను. ఎందుకు తీశానో, ఎప్పుడు తీశానో తెలియదు. ఇద్దరు ఆడవాళ్ళు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుని, ఎవరి హత్యను వాళ్ళు మోసుకుంటూ, ఎదుటిమనిషి మౌనాన్ని తమకు పడ్డ శిక్ష అనుకున్నారు. నేను చెప్పిన గాలి, ఇసుక మేట, హేతువు అన్నీ నిజాలే. కానీ అవేవీ ఆ ఎనిమిది అడుగులు దాటలేదు.

నూకరత్నం ఏడుస్తూ మాట్లాడుతోంది. అత్తకు చెబుతోంది. క్లాసు గురించి, చప్పట్ల గురించి, నా పేరు కూడా వినబడింది. ఎర్రయ్యమ్మ "ఊఁ, ఊఁ" అంటోంది. మార్తమ్మ గారు గోడ పట్టుకుని లేచి, చీర దులుపుకుని బయటికొచ్చింది.

ఆటో కోసం ఇసుకలో నడుస్తున్నప్పుడు ఉండబట్టలేక అడిగాను. "మీరసలు ఆ పిల్లతో ఒక్క మాటా అనలేదు. ఆ దేవతలు లేరని కూడా చెప్పలేదు. ఉన్నారంటారా?"

ఆవిడ వంగి చెప్పులోని ఇసుక దులుపుకుంది.

"ఉంటే ఈ పూట ఆ ఇంటి వాకిట్లోనే నించుని ఉంటారు" అంది. "ఏమనాలో తెలీక."

ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. పాఠం మానమనీ అనలేదు, మానవద్దనీ అనలేదు. అది నేనే తేల్చుకోవలసి వచ్చింది.

నూకరత్నం నెల తర్వాత పనిలోకి వచ్చింది, ఆ వారమే క్లాసుకీ వచ్చింది. ఆరోజు నేను బోర్డు దగ్గరికి వెళ్ళలేదు. బెంచీల మధ్య నిలబడి, అదే సంధ్యవేళ, ఇంగ్లీషులో, ఆమె ఎదుటే చెప్పాను. ఆ సాయంత్రం నేను నూకరత్నం భయాన్ని నవ్వులాటకు తీసుకోకుండా ఉంటే, ఆ వారం రోజులు ఆమె ఒంటరిగా గడిపి ఉండేది కాదు. అంతకంటే ఎక్కువ నా మీద వేసుకోలేదు, తక్కువా వేసుకోలేదు. నా జీవితంలో అంత కష్టపడి చెప్పిన ఇంగ్లీషు ఇంకొకటి లేదు.

నూకరత్నం నా వంక చూసింది. తర్వాత నోట్సు తెరిచింది.

"రాసుకోమంటారా మేడమ్?"

"రాసుకోండి" అన్నాను.

ఆ పాఠం నేను మానలేదు. ఇప్పటికి ఇరవై రెండేళ్ళయింది. కంపెనీలు మారాను, ఊళ్ళు మారాను. ఎక్కడైనా సరే, ఆ పాఠం రోజున నా వాక్యం నేను నిలబడి చెప్పేదాకా ఎవరినీ లేపను. లేపాక కూడా, చెప్పనన్నవాళ్ళను కూర్చోమంటాను.