చిలుక చూసిన వసంతం

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న కాలంలో, చిత్రాంగుడనే ఒక రాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తి అంటే ప్రాణం. రెండోవాడికి బంగారం అంటే ప్రాణం. చివరివాడు సుమేధుడికి మాత్రం అమ్మ వెనకాల తిరగడమే ఇష్టం. రాణిగారు రోజూ పొద్దున్నే వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేస్తుంటే, పక్కన కూచుని తనూ వేసేవాడు. అన్నలు పడీపడీ నవ్వేవాళ్లు. తిండిగింజలు చీమల పాలు చేస్తున్నారని రాజుగారు విసుక్కునేవారు.

"మనకంటే ముందే ఆకలితో లేచేవాళ్లు చాలామంది ఉంటారు నాయనా," అనేది రాణి. "దేవుడు మనకిచ్చిన పిడికెడులో వాళ్ల వాటా కూడా ఉంది."

ఒక వసంతంలో ఘోరం జరిగింది. ఏడు సముద్రాల అవతలినుంచి ధూమ్రకేశుడనే మాంత్రికుడు వచ్చి, ఆ దేశంలోని పూల రంగులూ వాసనలూ ఊడ్చి మూటకట్టుకుపోయాడు. మోదుగులు బూడిదరంగులో పూశాయి. తేనెటీగలు వచ్చి చూసి, ఇవి మన పూలు కావనుకుని వెళ్లిపోయాయి. తేనెటీగ వాలకపోతే పువ్వు కాయ కాదు కదా! మామిడి పిందె లేదు, గుమ్మడి పిందె లేదు. ఇంకో ఏడు ఇలాగే ఉంటే జనం పస్తులతో పోతారని రాజుగారు మంచం పట్టారు.

పెద్దవాడు కత్తి తీసుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు బంగారం మూటలతో వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇద్దర్నీ మాంత్రికుడు రాళ్లు చేసేశాడని ఓడవాళ్లు కబురు తెచ్చారు. ఇక నేను వెళ్తానన్నాడు సుమేధుడు. రాణి ఏడ్చింది. ఏడుస్తూనే సంచీనిండా బియ్యప్పిండి పోసి ఇచ్చింది.

అతను ఎక్కడ నిద్ర లేస్తే అక్కడ ముగ్గు వేశాడు. అడవిలో వేస్తే చీమలు తిన్నాయి, తిని అతని సంచీ ఎక్కి వెంట వచ్చాయి. సముద్రం ఒడ్డున వేస్తే అల వచ్చి ఆ పిండిని చేపలకి పంచింది. అది చూసి ఒక ముసలి తాబేలు పైకి తేలి, నా వీపెక్కు అంది. తాబేలుకి తొందరంటే ఏమిటో తెలియదు. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, అలా అలా ఏడూ దాటింది. దారిలో ఎగిరే చేపల్నీ, నీళ్లలోంచి పుట్టే సూర్యుణ్ణీ చూస్తే సుమేధుడికి మనసు పొంగిపోయింది. ఎవరూ చూడని చోట కూడా ఇంత అందం పరిచిన దేవుడు మా ఊరిని మరిచిపోతాడా అనుకుని హాయిగా పాటలు పాడుకున్నాడు.

అవతలి ఒడ్డున కోటలో మాంత్రికుడు అతన్ని చూసి పకపకా నవ్వాడు. రాగులూ ఆవాలూ నువ్వులూ కలిపిన పెద్ద పోగు చూపించి, పొద్దు గుంకేలోగా మూడూ వేరు చెయ్యి, లేదంటే మీ అన్నల పక్కన మూడో రాయివి అవుతావన్నాడు. సంచీలోని చీమలు దిగి, కోటలోని చీమలన్నిటినీ కేకేశాయి. పొద్దు వాలేసరికి మూడు కుప్పలు తేలాయి. గోడ సందుల్లో తిరిగే కోట చీమలు ఒక రహస్యం కూడా చెప్పాయి. ఏడో గదిలో, చీకట్లో, పంజరంలో ఒక చిలుక ఉంది. మాంత్రికుడి ప్రాణం అందులోనే ఉంది. దాని మెడ నులిమితే వాడి పని సరి.

సుమేధుడు పరుగున వెళ్లి పంజరం అందుకున్నాడు. అక్కడ మాంత్రికుడి కూతురు సంపంగి మేతగిన్నెతో నిలబడి ఉంది. వెనకే మాంత్రికుడు వచ్చి, పంజరం అతని చేతిలో చూసి కూలబడ్డాడు.

"ఆయన మా నాన్న," అంది సంపంగి. "చచ్చిపోతానన్న భయంతో ఈ చిలుకని ఇక్కడ దాచాడు. ఇది ఆకాశం చూడలేదు, పువ్వు చూడలేదు. అందుకే నాన్నకీ ఏదీ అందంగా కనబడదు. ఊరూరా దోచుకొచ్చి పెట్టెలు నింపుతాడు, అయినా తృప్తి లేదు."

సుమేధుడికి అన్నలు గుర్తొచ్చారు. చిలుక మెడ మీద చెయ్యి వేశాడు. చేతికింద దాని గుండె టకటకా కొట్టుకుంది. చీమకి పిండి పెట్టిన చేత్తో ఈ పని ఎలా చెయ్యను అనుకున్నాడు. భారం దేవుడి మీద వేసి, కిటికీ తెరిచి చిలుకని వదిలేశాడు.

చిలుక జంకుతూ ఎగిరింది. సాయంత్రపు ఆకాశం చూసింది. చింతచిగురు చూసింది. తోటలో జామపండు కొరికింది. గదిలో ఉన్న మాంత్రికుడి నోరంతా తియ్యనయింది. ఆయన కళ్లు తుడుచుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, ఆకాశం రోజూ ఇంత బాగుంటుందా?"

"రోజూ నాన్నా," అంది సంపంగి.

ఆయనే లేచి పెట్టెలన్నీ తెరిచాడు. రంగులూ వాసనలూ గుంపులు గుంపులుగా సముద్రాల మీదుగా ఇంటిదారి పట్టాయి. రాళ్లు కదిలి, అన్నలిద్దరూ ఒళ్లు విరుచుకున్నారు.

మోదుగులు ఎర్రగా విరగబూసిన రోజున సుమేధుడికీ సంపంగికీ పెళ్లయింది. తేనెటీగలు పిలవకుండానే వచ్చాయి. రాజుగారు స్వయంగా వంగి వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు వేశారు. గీతలు వంకరటింకరగా వచ్చాయి గానీ, చీమలు ఏమీ అనుకోలేదు. మాంత్రికుడు రాజుగారి కోటకే తోటమాలి అయ్యాడు. తండ్రి తరవాత సుమేధుడు రాజై, చాలాకాలం చల్లగా ఏలాడు.

ఆ దేశంలో ఇప్పటికీ చిలుక వచ్చి జామపండు కొరికితే ఎవరూ అదిలించరు. ఆ తీపి ఇంకెవరి నోటికి తగులుతోందో, ఎవరికి తెలుసు?