దక్షిణం తిరిగిన వత్తులు

చదువు ముగించిన ప్రతి విద్యార్థికీ ఒక దీపం చొప్పున, కొలువులో నేల మీద గీసిన రాజ్యపటంపై వెలిగించారు. అన్ని సీమల కన్నా కొండసీమే ధగధగలాడుతోంది.

"మా గురుకులంలో చదువు ముగించనివాడే లేడు ప్రభూ," అని మీసం దువ్వాడు ఆ సీమ అధికారి భైరవయ్య.

వత్తులు ఎగదోసే ఎర్రెమ్మకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. ఆ గురుకులంలో చేరిన ఆమె కొడుకు ఇంటికి తిరిగి రాలేదు. చచ్చినవాళ్లకు దీపం పెట్టినట్టు, కొండసీమ వత్తులన్నీ ఒక్కొక్కటే దక్షిణానికి తిప్పసాగింది. గాలి లేకుండానే మంటలు వణికాయి.

"ఆపవే! అందరూ చావలేదు!" అని అరిచాడు భైరవయ్య.

సభంతా అతని వైపు తిరిగింది. ఎర్రెమ్మ దీపాల దగ్గర్నించి పక్కకు జరిగింది.

"అయితే బతికున్నోళ్లవి మీరే తూర్పుకి తిప్పండి దొరా. ఆ పిల్లల్ని రాజుగారు పిలిపిస్తారు."

భైరవయ్య దీపాల మీదికి వంగాడు. ఒక్క వత్తినీ ముట్టుకోలేకపోయాడు.