దయ్యాన్ని ఓడించిన చుట్టకుదురు

అనగనగనగా కొండ దిగువన ఒక ఊరు. ఆ ఊళ్ళో గంటాలమ్మ అని ఒక అత్తగారు, సింహాలు అని ఆవిడ కోడలు. సింహాలంటే సింహాలు కాదురా బుల్లోడా, సింహాచలం అన్న పేరునే అలా పిలిచేవారు. మనిషి మాత్రం పిల్లికూనలా నోట్లో నాలుక లేనిది. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే నేను పడుకుంటాను.

ఆ ఊరికి ఒక దయ్యం పట్టుకుంది. రాత్రి దయ్యం కాదు, మధ్యాహ్నపు దయ్యం. మన నీడ మన కాళ్ళ కిందే దాక్కునే వేళకి వచ్చేది. గుమ్మం ముందు నిలబడి తోరణం ఆకులు లెక్కపెట్టేది. ఒకటోచ్, రెండోచ్, మూడోచ్... చివరి ఆకు దాకా వెళ్ళి, "అయిపోయిందోచ్, అన్నం నాదోచ్!" అని లోపలికి దూరి, కుండలో మాడు కూడా గీక్కు తినేసేది. గుమ్మానికి కట్టింది లెక్కపెట్టకుండా గడప దాటకూడదని దయ్యాల్లో కట్టుబాటట. కట్టుబాటు ఉంది గానీ కడుపుకి అదుపు లేదు.

మునసబు గారి భార్య బండెడు బంతిపూలు తెప్పించి కట్టించింది. దయ్యం ఇంకాస్త సేపు లెక్కపెట్టింది, అంతే. అయిపోయిందోచ్, అన్నం నాదోచ్!

సింహాలు కాపురానికొచ్చిన వారమే దయ్యమూ వచ్చింది. ఇంకేం, నింద ఆ పిల్ల మీద పడింది. ఒకరోజు పొద్దున్నే గంటాలమ్మ కోడలి బట్టలు మూటగట్టి గుమ్మం పక్కన పెట్టేసింది.

"రేపు కూడా నా కుండ ఖాళీ అయిందా, ఆ మూట నీ నెత్తిన, నువ్వు మీ అమ్మ ఇంట!"

పాపం, ఆ పిల్ల ఏడవలేదే సత్తీ, ఆలోచించింది. ఆ మధ్యాహ్నం దయ్యం వచ్చినప్పుడు అందరూ పెరట్లోకి పరిగెత్తితే, తను గాదె వెనక నక్కి దాని లెక్క వింది. దీనికి కొస దొరికితేనే గదా సంతోషం! మరి కొసే లేకపోతే? అనుకుంది.

అటు చూసింది, ఇటు చూసింది. నీళ్ళకుండ కింద చుట్టకుదురు కనబడింది. అదేనర్రా, కుండ దొర్లకుండా కింద పెడతామే, బిందె మోస్తూ నెత్తిన పెట్టుకుంటామే, ఆ గడ్డి చుట్ట. దాన్ని తీసి దులిపింది. పారేసిన మొక్కజొన్న పొట్టు ఏరింది, ఉల్లి తొక్క ఏరింది, కోడి ఈకలు ఏరింది, పాత చీర అంచు పీకి దారం తీసింది. ఒక్క కానీ కూడా ఖర్చు లేదు. గడ్డి మీద పొట్టు, పొట్టు మీద తొక్క, తొక్క మీద ఈక, ఈక మీద దారం, దారం కొస మళ్ళీ గడ్డిలోకి! ఎంత ముద్దుగా వచ్చిందనుకున్నారు, పొద్దుతిరుగుడు పువ్వులా.

పొద్దున్నే గుమ్మానికి కట్టింది. మునసబు గారి భార్య చూసి పకపకా నవ్వింది.

"ఏం గంటాలమ్మొదినా, మీ గుమ్మం బిందెలు మోస్తుందా?"

గంటాలమ్మకి తల కొట్టేసినట్టయింది. మూటకేసి చూసింది.

మధ్యాహ్నమైంది. దయ్యం వచ్చింది. ఒకటోచ్, రెండోచ్, మూడోచ్... తిరిగింది, తిరిగింది, మళ్ళీ మొదటికే వచ్చింది. "ఈ ఎర్ర తొక్క ఇందాక లెక్కపెట్టానా, లేదా?" అనుకుంది. మళ్ళీ ఒకటోచ్! దాని తల తిరిగిపోయింది గానీ చుట్ట ఆగలేదు. ఈలోగా నీడలు కాళ్ళ కింద నుంచి బయటికొచ్చాయి. నీడ సాగితే మధ్యాహ్నపు దయ్యానికి నిలవ నీడ ఉండదు. కుండలో అన్నం కుండలోనే ఉంది, పొగలు కక్కుతూ!

దయ్యం బావురుమంది. "అమ్మా సింహాలూ, దీని కొస ఎక్కడో చెప్పవే!"

నోట్లో నాలుక లేని పిల్ల అప్పుడు నోరు విప్పింది. "నువ్వే వెతుక్కో. నీకూ ఒకటి చేసిస్తాను, కొండెక్కి తీరిగ్గా లెక్కపెట్టుకో. అది పూర్తయ్యేదాకా ఊళ్ళోకి రానని ఒట్టెయ్యి."

ఒట్టేసింది. చిన్న చుట్ట ఒకటి చంకనబెట్టుకుని కొండెక్కిపోయింది.

ఊరు ఊరంతా వచ్చి పడింది. డప్పులు, ఈలలు! అందరికన్నా ముందు మునసబు గారి భార్య, చేతిలో తన చుట్టకుదురుతో. "నాకూ నేర్పవే తల్లీ!" అంది. గంటాలమ్మ నడుం మీద చెయ్యేసి అడ్డంగా నిలబడింది.

"మా కోడలంటే మాటలా? వరసలో నిలబడండి! ముందు అది అన్నం తినాలి."

అని, మూట తనే లోపలికి తీసుకెళ్ళి, ముడి తనే విప్పింది.

మిట్టమధ్యాహ్నం కొండ మీద గీ... అని వినబడుతుంది చూశారా? కీచురాళ్ళంటాడు మీ తాత. కాదు, అదే, ఇంకా లెక్కపెడుతోంది. అందుకే చెబుతున్నా, ఏదైనా పారేసే ముందు ఒకసారి తిప్పి చూడండి. మనుషుల్నైనా సరే.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం పదండి.