తిప్పక్క బొంత మీద తీగ

గొర్రెలు కాసే తిప్పక్కకు కుట్టిన బొంత నడిమధ్యన గూని లేచింది. ఆ పాపం నాదే.

మా ఊరి దర్గా పక్కన రేకుల కొట్టంలో బడేసా తాత బొంతలు కుడతాడు. ఎవరు పాత చీరలు తెచ్చిచ్చినా పొరలుపొరలుగా పరిచి మిషను మీద కుట్టిస్తాడు. ఏడాదిగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటా ఉన్నా. తిన్నని గీతలు కుట్టీ కుట్టీ విసుగొచ్చి, మెలికలు తిరిగే తీగ కుట్టు మీదికి పోయింది నా మనసు. గుడ్డముక్కల మీద నాలుగు రోజులు కుట్టి చూసి, ఇంకేముంది, వచ్చేసిందనుకున్నా. తాతకు చెప్పకుండానే తిప్పక్క బొంత మీద మొదలుపెట్టేసినా.

బొంతను నడుమ నుంచి కుట్టుకుంటా అంచులకు పోవాల. నేనేమో తీగ మోజులో అంచునే మొదలుపెట్టి చుట్టూ బిగించుకుంటా వచ్చినా. మిగిలిన గుడ్డంతా నడుమకు చేరి ఉబ్బి కూర్చుంది.

విప్పుదామని బ్లేడు పెడితే దారంతోపాటు చీర కూడా పర్రున చినిగింది. అవి తిప్పక్క వాళ్లమ్మ చీరలు. ఆ తల్లి పోయినాక ఈమెకు మిగిలినవి ఆ మూడే. ఆ పొద్దే మందను తోలుకుని దూరం ఊర్లకు పోతాంది. బయట బీళ్లలో చలికి పడుకునే మనిషి. బొంత కోసం వచ్చి గుమ్మంలో కూర్చోనుంది.

"ఏం కుళ్ళాయమ్మా, అట్ల నిలబడినావు?" అన్నాడు తాత.

"నా నేర్పు కోసం ఆమె గుడ్డ పాడు చేసినా తాతా. ఇంక నేను మిషను ముట్టను," అన్నా. ఏడుపొచ్చేసింది.

తాత నా చేతిలో బ్లేడు తీసి పక్కన పెట్టినాడు. చినిగిన చోట చిన్న మాసిక వేసినాడు. బొంత తీసుకుపోయి తిప్పక్క భుజాల మీద కప్పినాడు.

"మా పిల్ల కొత్త కుట్టు నీ బొంత మీద నేర్చుకునిందమ్మా. కొంచెం చెడింది," అన్నాడు.

అయ్యో, అట్ల మొహమ్మీదే చెప్పేస్తాడా! నేను తల ఎత్తలేదు.

తిప్పక్క తీగ పొడుగునా తడుముకుంటా పోయింది. ఆమె చెయ్యి గూని దగ్గర ఆగింది.

"ఇదా! దీన్ని తలకింద పెట్టుకుంటాలే మే," అని గట్టిగా నవ్వింది. "మా యమ్మ చీర మీద తీగ పారించినావు. నాకెవరు కుడతారు ఇట్ల? నూరేండ్లు బతుకు బిడ్డా."

నాకు కండ్లు నిండిపోయినాయి. ఆమె తిట్టింటే ఓర్చుకునేదాన్ని.

తాత నన్ను చక్కెర తెమ్మన్నాడు. మా కొట్టంలో కొత్త కుట్టు నేర్చుకున్నోళ్లు, నేర్పినోళ్ల చేతిలో పిడికెడు చక్కెర పెట్టాల.

"చెడగొట్టినదానికి చక్కెరేంది తాతా?"

"పో, తే."

తెచ్చి, ఎప్పటి మాదిరే తాత ముందర చెయ్యి చాపినా. ఆయన చేతులు వెనక్కు పెట్టుకున్నాడు.

"నేను గీతలే నేర్పినా," అన్నాడు. "తీగ నేర్పింది ఆమె."