వెల్లకిలా పడిన రాయి

"ఎన్నాళ్లు వెతికాక ఒక జీవి ఇక లేదని రాసెయ్యొచ్చు, మాస్టారూ?"

కప్పల మీద పరిశోధన చేస్తున్న నీలవేణి పొద్దున్నే కొండల్లోంచి పారే గెడ్డ ఒడ్డున ఈ మాట అడిగింది. ముప్పై ఏళ్లుగా ఆ కొండల్లో కప్పల వెంట తిరిగిన బలభద్రం మాస్టారు అడిగిన వెంటనే జవాబు చెప్పే రకం కాదు. "పద, వెతుకుతూ మాట్లాడుకుందాం" అన్నారు.

బొటనవేలంత కప్ప. నలభై ఏళ్లుగా ఎవరికీ కనిపించలేదు. ఈ సాయంత్రానికీ కనిపించకపోతే నివేదికలో లేదనే రాయాలి. రాస్తే ఆ గెడ్డలో రాయి కొట్టుకోవడానికి అనుమతి వచ్చేస్తుంది. ఆ బెంగతో నీలవేణి పొద్దుట ఇడ్లీ కూడా తినకుండా బయల్దేరింది. నీటి అంచున ఉన్న తడిరాళ్లను ఒక్కొక్కటే తిరగేసి, కింద చూసి, మరో రాయి దగ్గరికి పరిగెత్తేది. మాస్టారేమో ఎక్కడో వెనక, వంగుతూ లేస్తూ, పెళ్లినడకన వస్తున్నారు. రెండుసార్లు పిలిచారు కూడా. ఆగితే పొద్దు పోతుందని విననట్టే ఊరుకుంది.

మూడు గంటల వేళ ఎగువన ఒక రాయి కింద అది కనిపించింది. వీపు మీద పసుపు చార. అదే! గబగబా ఫొటోలు తీసింది. మాస్టారు ఆయాసపడుతూ వచ్చి, కప్పను కాదు, రాయిని చూశారు. దాని అడుగున సగ్గుబియ్యంలా గుడ్లు అంటుకుని ఉన్నాయి.

"ముందు ఎలా ఉండేదో అలా పెట్టెయ్యమ్మా" అన్నారు.

పెట్టింది. పెట్టగానే గుర్తొచ్చింది. పొద్దుట్నుంచీ తిప్పిన రాళ్లన్నీ ఎండలోనే వదిలేసి వచ్చింది! కప్ప కోసం నేల చూసిందే కానీ, ఒక్క రాయి అడుగూ చూడలేదు. వెనక్కి పరిగెత్తింది. చూస్తే ప్రతి రాయీ తడివైపు కిందికి, ఎప్పటిలాగే ఉంది. మాస్టారు అన్నిసార్లు వంగింది ఎందుకో అర్థమై సిగ్గుతో చచ్చిపోయింది.

కానీ మడుగు అవతల, మోకాళ్ల నొప్పులున్న మాస్టారు దాటలేని చోట, ఒక్క రాయి వెల్లకిలా పడి ఉంది. దాని మీద గుడ్లు సగం ఎండి ముడుచుకుపోయాయి. నీలవేణి మడుగు దాటి దోసిళ్లతో నీళ్లు పోసింది. రాయిని మెల్లగా బోర్లించింది.

"బతుకుతాయా మాస్టారూ?" అని, వెనకే వచ్చి ఇవతలి గట్టున నిలబడ్డ ఆయన్ను అరిచి అడిగింది.

మాస్టారు జవాబిచ్చింది పొద్దుటి మాటకు.

"ఎన్నాళ్లు వెతికారని నేనెవర్నీ అడగనమ్మా. వాళ్ల వెనక ఒకసారి నడిచి, రాళ్లెలా వదిలారో చూస్తాను."