కొత్వాలు కూర్చున్న పెట్టె

విరోధి సంవత్సరం శ్రావణంలో వరదొచ్చి ఊళ్లో కట్టెలన్నీ నానిపోయాయి. ఎవరింట్లో పొడి పుల్లలున్నా కొత్వాలు కోటకు పట్టుకుపోతున్నాడు. సిద్ధమ్మకు మిగిలింది ఒక్క మోపు. ఇంట్లో బాలింత కోడలుంది. అందుకని పుల్లలు పొదుపు చేస్తూ చిన్న పొయ్యి మీద అన్నం ఒక్క పొంగు రానిచ్చి, మంట ఆర్పేసి, కుండను వేడి పోకుండా గడ్డి కూరిన చెక్కపెట్టెలో పెట్టి మూసింది.

అంతలో కొత్వాలు వచ్చి మోపు లాగాడు.

“అది రేపటికయ్యా. ఇవాళ్టిది పెట్టెలో ఉడుకుతోంది,” అంది. గట్టిగా అరిచే ఓపిక కూడా లేదామెకు.

“మంట లేకుండానా? ఉడికితే మోపు నీదే, ముసలీ!”

“అయితే నేను దొంగమంట పెట్టకుండా మీరే పెట్టె మీద కూర్చోండి బాబూ.”

కూర్చున్నాడు. ఆ బరువుకు మూత బిగిసి ఆవిరి బయటికి పోలేదు. చాలాసేపటికి లేచి చూసేసరికి అన్నం మెత్తగా ఉడికింది.

మోపు దక్కింది. కొత్వాలు రుచి చూడగా మిగిలింది బాలింతకే సరిపోయింది. ఆ పూట సిద్ధమ్మ పస్తు పడుకుంది.